కోటేశ్వరి పేరు చెప్పిన మనిషి

చచ్చిపోయినవాళ్ల కళ్లు మూసి, దుప్పటి కప్పి, వెంటనే పక్క మంచానికి ఇంజెక్షన్ చేయడానికి వెళ్లిన రోజులు నాకు చానా ఉన్నాయి. దయ్యాలు, ఆత్మలు అని ఎవరన్నా అంటే విసుక్కునేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది మాత్రం చెప్తా.

పల్నాడులో ఒక ప్రభుత్వాసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. దిక్కులేకుండా తిరిగేవాళ్లు కనబడితే పోలీసులు మా వార్డులో చేరుస్తారు. మేం వైద్యం చేస్తుంటే పోలీసులు వాళ్ల బంధువుల కోసం వెతుకుతారు. మొన్న ఎండాకాలం గురజాల బస్టాండులో సొమ్మసిల్లి పడున్న ఒక పెద్దామెను కానిస్టేబుల్ సుజాత అట్లాగే తీసుకొచ్చింది. జుట్టు అట్టలు కట్టింది, కాళ్లు పగిలి ఉన్నాయి.

తెలివి రాగానే పేరడిగాం. తడుముకోకుండా కోటేశ్వరి అంది. నూజెండ్ల అవతల ఒక ఊరి పేరు, భర్త పేరు కూడా చెప్పింది.

"ఇంటెనక రేకుల గదిలో ఉన్నానమ్మా. బయట తాళమేశారు. దాహమేస్తంది."

"గదిలో కాదు పిన్నీ, ఆసుపత్రిలో ఉన్నావు" అని గ్లాసు అందించా. తాగింది. మళ్లీ తాగింది. ఒకపక్క సెలైన్ ఎక్కుతున్నా నాలుక పిడచగట్టుకునే ఉంది. షుగరేమోనని డాక్టరుగారు పరీక్ష చేయించారు. కాదు.

మర్నాడు సుజాత ఆమె ఫోటో తీసుకుని ఆ ఊరెళ్లింది. ఆ ఇల్లుంది. ఆ భర్తా ఉన్నాడు.

"ఈమెవరో మాకు తెలవదు మేడం. మా కోటేశ్వరి చిన్నపిల్ల, పుట్టింటికి పోయింది" అన్నాడు. ఇరుగుపొరుగు కూడా ఫోటోలో మనిషిని ఎన్నడూ చూడలేదన్నారు.

తిరిగి వచ్చేయబోతూ సుజాత ఆగింది. ఇంటి వెనక్కి వెళ్లి చూస్తే రేకుల గది ఉంది, తాళమూ ఉంది. తాళంచెవి పోయిందన్నాడు. పగలగొట్టించింది.

లోపల కోటేశ్వరిని మంచం కోడుకు కట్టేసి ఉంచారు. పుట్టిన బిడ్డ పోయాక పిల్లకి మతి చలించిందంట. పదిమందికి తెలిస్తే పరువు పోతుందని దాచారు. అరుస్తుందని నీళ్లు కూడా సరిగా ఇవ్వలేదు.

అంబులెన్సులో మా దగ్గరికే తెచ్చారు. పెదాలు తడిపి, చెంచాతో నీళ్లు పోశా. ఆమె గుటక వేసింది. ఎదుటి మంచం మీద పెద్దామె చేతిలో గ్లాసు పక్కన పెట్టేసి, "చాలమ్మా" అంది. ఆ తర్వాత ఆమె దాహమన్న మాట ఎత్తలేదు.

కోటేశ్వరికి ఆమెను చూపించాం. ఎవరో తెలియదని తల అడ్డంగా ఊపింది.

కిడ్నీలు దెబ్బతిన్నాయని కోటేశ్వరిని గుంటూరు పంపారు. భర్తను అరెస్టు చేశారు. పిల్ల బతుకుతుందనే అనుకున్నాం.

పెద్దామె మాట్లాడటం మానేసింది. ఒకరోజు పొద్దున ఆమె తల దువ్వుతూ ఊరికే అడిగా.

"నీ అసలు పేరేంది పిన్నీ?"

నా మొహంలోకి చూసింది. "పేరా? ఇప్పుడేం లేదమ్మా."

జడ పూర్తికాక ముందే సుజాత ఫోన్ చేసింది. గుంటూరులో కోటేశ్వరి పోయింది.

పెద్దామె ఆ దారిన తిరుగుతూ గదిలోంచి కేకలు విని ఉంటుందని డాక్టరుగారు అంటారు. అయ్యుండొచ్చు. పేర్లు, తాళం సంగతి అట్లా తెలిసి ఉండొచ్చు. మరి ఆ దాహం? దాన్ని నేను నా కళ్లతో చూశాను.

పెద్దామె ఇప్పుడు ఒక ఆశ్రమంలో ఉంది. ఫోటో అన్ని స్టేషన్లకూ పంపారు, ఎవరూ రాలేదు. సుజాతా నేనూ కలిసినప్పుడు ఏవేవో మాట్లాడుకుంటాం. ఈ సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆమె డ్యూటీకి టైమైందని లేస్తుంది, నేను వార్డులోకి పోతా.