పదిలో రెండు

"...మరైతే రెండని ఎందుకు సెప్పినావొదినా? నీ కేక గుమ్మం కాడికి ఇనబడింది!"

"ఊరుకోయే ధనలక్ష్మీ. ముగ్గుర్ని కన్నదానివి, నీకిదో నొప్పా అని సిస్టరమ్మ ముందే అనేసింది. ఆపైన తొమ్మిదంటే నా పరువేటి కాను?"

"పరువట! గోడట్టుకుని నడుస్తన్నావు, నీకు పరువొకటి!"

తెర వెనక ట్రేలో పరికరాలు సర్దుతున్న సిస్టర్ రోజలిన్ చేతులు ఆగిపోయాయి. ఆ వదిన గొంతు గురువమ్మది. భీమిలి నుంచి వచ్చిన ఆ మనిషి పావుగంట క్రితం ఇదే బల్ల మీద పడుకుంది.

గర్భసంచిలో మొలిచే పాలిప్ అనే కండను, మత్తివ్వకుండా ఓపీలోనే తీసి, అదే పూట ఇంటికి పంపే గది అది. పాత పరికరం కరెంటు తీగతో కోస్తుంది. కొత్తది గీకి, పీల్చేస్తుంది. దేనితో బాధ తక్కువో తేల్చాలని ఆర్నెల్లుగా చీటీ తీసి, ఏది వస్తే అది వాడుతున్నారు. పని కాగానే నొప్పి పదిలో ఎంతో అడిగి ఫారంలో రాయడం రోజలిన్ వంతు.

ముగ్గుర్ని కన్నదానివి, నీకిదో నొప్పా. పురుళ్ల గదిలో పద్దెనిమిదేళ్లు అన్న మాటే, ఇక్కడా అంటోంది. ధైర్యం చెబుతున్నాననే అనుకుంది. అది విన్నాక అరిచేవాళ్లు తక్కువ. "రోజలిన్ ఉంటే గదిలో గోల ఉండదు" అని డాక్టర్లు మెచ్చుకుంటే, ఇంటికెళ్లి భర్త శుభాకర్‌తో చెప్పి మురిసిపోయేది.

తీగ వాడినప్పుడు ఆడవాళ్ల కాలివేళ్లు ముడుచుకుపోవడం ఆమె చూసింది. కొత్తదానితో చేస్తుండగా బస్సు టైము అడిగినవాళ్లనూ చూసింది. అయినా నోటితో చెప్పిన అంకెనే రాసింది. రెండు. మూడు. రెండు.

బయటికి వెళ్లి గురువమ్మను మళ్లీ అడగాలనుకుంది. తెర పట్టుకున్న చెయ్యి దాన్ని పక్కకు లాగలేకపోయింది. వదినామరదళ్ల మాటలు మెట్ల దాకా వెళ్లి వినబడకుండా పోయాయి.

డాక్టర్ కుసుమకుమారి ఫారాల కట్టతో లోపలికి వచ్చింది.

"అరవై ఒకటీ చూశానమ్మా. నొప్పిలో రెంటికీ తేడా ఏం లేదు. పాతదే ఉంచేద్దాం. రేపు రిపోర్టు పంపేస్తాను."

రోజలిన్ తల ఎత్తలేదు.

"పంపకండి మేడమ్. ముందు వాళ్ల నోరు నొక్కి, తర్వాత అంకె అడిగాను. ఏమన్నానో నా పేరుతో రాసి, సంతకం పెట్టి ఇస్తాను."