బాప్తిస్మ తొట్టి వెనక కొండలు

మా చర్చిలో బాప్తిస్మ తొట్టి వెనక గోడకి కొత్త బొమ్మ వేస్తానని నోరు జారడం నా తప్పే. బడిలో డ్రాయింగ్ చెప్పుకునేదాన్ని, వేసవి సెలవుల్లో ఇంటిపట్టున పడి ఉండొచ్చు కదా! పాత బొమ్మ చెమ్మకి పెచ్చులూడిపోయింది. యొర్దాను నది, ఒడ్డున గొర్రెలు, కాపరి, దూరంగా పెంకుటిల్లు. ఆ నది మా చెరకు తోటల్లో పంటకాలువకన్నా బుద్ధిగా ఉండేది.

మూడు వారాలు నిచ్చెన మీద నిలబడి లంబసింగి వైపు కొండలు వేశాను. పైన కారుమబ్బు, అది చీలినచోట ఒక్క ధార వెలుతురు, కింద లోయలో నది. మనిషి లేడు, గొర్రె లేదు.

రంగు ఆరకముందే సంఘం సెక్రటరీ గారు వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు. ఆయనకి సందేహం వచ్చినా కేకలాగే వస్తుంది.

"ఏటమ్మా ఇది? మనిషన్నవోడే లేడు! గొర్రెపిల్లైనా నేదు. అందరూ ఊరొగ్గేసి పారిపోయినారేటి?"

కాలేజీలో చదివిందంతా తొట్టి గట్టు మీద కూర్చుని చెప్పాను. యూరప్ వాళ్లు కొండని వేసినా దాని కింద ఎవరిదో బతుకు ఆనవాలు పెడతారండీ, కూలిన గోడో, పిండిమరో, పశువుల కాపరో. అక్కడి నేల తరతరాలుగా దున్నిన నేల. అమెరికా వాళ్లకి గొప్ప చెప్పుకోడానికి పాత కోటల్లేవు, అందుకని అడవినే కోట చేసుకున్నారు. గోడంత గుడ్డల మీద శిఖరాలూ జలపాతాలూ వేశారు, దేవుడు అప్పుడే పని ముగించి చేతులు దులుపుకున్నట్టు. నాది ఆ పద్ధతి. యూరప్‌లోనూ ఖాళీ కొండలు వేసినవాళ్లున్నారు గానీ అది ఆయనకి చెప్పలేదు. చెబితే పట్టుకుంటారు.

"మనుషులు బొమ్మ ముందే ఉంటారు కదండీ, నీళ్లలో! మళ్లీ గోడ మీదెందుకు?"

"ఆళ్లు ఉండేది ఒక్క పూట. ఆదివారం బాప్తిస్మాలున్నాయి, బేగి గొర్రెల్నేసీమ్మా. నేదంటే దాని మీద ఫ్లెక్స్ కొట్టించేస్తాం."

ఫ్లెక్స్! నా మూడు వారాల నడుంనొప్పి మీద, నాయకుల పుట్టినరోజులకి కట్టే గుడ్డ! వేయనంటే వేయనని బ్రష్షులు కడిగేసుకున్నాను.

మర్నాడు సంత. కొండ మీంచి పసుపు అమ్ముకోడానికి వచ్చే ఒకావిడ, బస్సుకి వేళ ఉంటే మా చర్చిలో కాసేపు కూర్చుంటుంది. ఆవేళ గోడకేసి చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"టీచరమ్మా, ఇవి మా కొండలే కదా?"

"అవునక్కా."

"మరి మమ్మల్నెక్కడెట్టేసినావు?"

ఈవిడ కూడానా అని ఒళ్లు మండింది. మళ్లీ యూరప్, మళ్లీ అమెరికా. ఆవిడ ఓపిగ్గా విని, "ఆ అమెరికా కొండల్లో మాత్రం ముందునుంచీ ఎవులూ నేరేటి?" అంది.

ఉన్నారు. వాళ్లని తరిమేస్తున్న ఏళ్లలోనే ఆ ఖాళీ కొండలు గోడలకెక్కాయి. అదీ నేను చదివిందే, ఎవరడుగుతార్లే అని దాటేశాను.

ఆవిడ మూడో కొండ భుజం మీద వేలు పెట్టింది. "ఇక్కడ మా పోడు. దీని కిందన ఇళ్లు. పొద్దుటేల పొగొస్తాది." బస్సుకి టైమైందని వెళ్లిపోయింది.

తిట్టుకుంటూనే నిచ్చెనెక్కాను. పచ్చటి అడవి మధ్య అరచెయ్యంత ఎర్రమట్టి పోడు చెక్క, నాలుగు కప్పులు, సన్నటి పొగ. ఒప్పుకోడానికి మనసు రావట్లేదు గానీ, ఆ పొగ పడ్డాకే కొండ ఎంత ఎత్తో తెలిసింది.

శనివారం సెక్రటరీ గారు రానే వచ్చారు. "అదుగో, ఇళ్లేసినావు! ఇళ్లున్నకాడ గొర్రెలుండవేటి?"

"కొండ మీద గొర్రెలేంటండీ!"

"పోనీ, మేకలుండవా?"

ఉంటాయి. నిజమే కావడంతో ఇంకా మండిపోయింది. పోడు అంచున రెండు తెల్ల చుక్కలు పెట్టి వెతుక్కోమన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, గోడకి ముక్కు ఆనించి వెతికారు. దొరికాక, నా ఎదుటే ఫ్లెక్స్ షాపుకి ఫోన్ చేశారు.

"వద్దులే బాబూ. మాకు గొర్రెలొచ్చేసినాయి."

"మేకలండీ," అన్నాను.