జవాబు ఆల్ఫానా, బీటానా?

మా నూజివీడు కాలేజీలో నాతోపాటు లెక్కలు చెప్పే ప్రసాద్ గారు పోయిన వారం పరీక్షలో ఆప్షన్లకి ఎ, బి, సి బదులు α, β, γ పెట్టారు. మేం ప్రశ్నలు టైపు చేసే లేటెక్‌లో ఒక్క లైను మారిస్తే చాలట. క్లాసంతా ఆయన్ని ఒకటే పొగడడం. చాట్రాయి నుంచి వచ్చే లక్ష్మి నిన్న వాళ్ళ తోటలోని రసాలు సంచీడు తెచ్చి ఆయనకిచ్చింది. నేనూ లేటెక్‌లోనే టైపు చేస్తాను. నాకెవరూ ఒక్క కాయ ఇచ్చిన పాపాన పోలేదు.

కుళ్ళు ఆపుకోలేక ఈ రోజు వర్గ సమీకరణాల పరీక్షలో నేనూ గ్రీకు అక్షరాలే పెట్టాను. కాసేపటికి లక్ష్మి లేచింది.

“సార్, మూడో లెక్కలో రూట్స్ ఆల్ఫా, బీటా అన్నారు. ఏది పెద్దదని అడిగారు. ఆప్షన్ బీటా ఎదురుగా ఆల్ఫా అని ఉందండీ. ఏం రాయమంటారు?”

క్లాసు గొల్లుమంది. ప్రసాద్ గారి పేపరు తీసి చూశాను. మూలాల లెక్క ఒక్కటీ లేదు. ముందే ఆలోచించుకున్నారన్నమాట!

సాయంత్రం స్టాఫ్ రూములో ఆయనే నన్ను ఓదార్చి, ఆ సంచీలోంచి ఒక పండు చేతిలో పెట్టారు. తేనెలా ఉంది. ఇంత తియ్యటి పండు తింటూ ఏడ్చినవాళ్ళు మీలో ఇంకెవరైనా ఉన్నారా?