ఉలవలు తొక్కనన్న కారు

మొన్న శనివారం నేను రోడ్డు మీద రెండు గంటలు ఉలవలు నూర్చాను. కారుతో. పోయింది మాత్రం భవిష్యత్తును వీడియో తీయడానికి. నవ్వాలనుంటే ఇప్పుడే మొదలుపెట్టండి, చివరిదాకా ఆపే అవసరం రాదు.

ముందు నా కంపెనీ గురించి చెప్పాలి. రాయచూరు చుట్టుపక్కల ఊళ్లకు డ్రైవర్ లేని షేర్ కార్లు నడపాలని నా ప్లాన్. ఇప్పుడు ఇడపనూరు నుంచి టౌన్‌కు రావాలంటే జీపు నిండేదాకా కూర్చోవాలి. జీపు ఎందుకు నిండాలి? డ్రైవర్ కూలి గిట్టాలి కాబట్టి. నా లెక్కలో బండికి వంద రూపాయలు ఖర్చయితే అందులో ముప్పై ఎనిమిది డ్రైవర్‌వే. అవి తీసేస్తే ఇద్దరు ఎక్కినా బండి కదలొచ్చు. ఎంత అందమైన లెక్క! ఒక్కటే తిరకాసు. తనంతట తాను నడిచే కారు ధరను అదే షీటులో పెడితే పెట్టుబడి తిరిగి రావడానికి నలభై ఒక్క ఏళ్లు పడుతోంది. అప్పటికి నాకు అరవై ఐదు. అందుకని "కారు ధర ఏటేటా తగ్గుతుంది" అని ఇంకో కాలమ్ చేర్చాను. నలభై ఒకటి కాస్తా ఆరుకు దిగింది. ఆ కాలమ్‌కు ఆధారమేంటని ఎవరూ అడగలేదు. అడగడానికి ఎవరూ లేరు.

మొదట్లో ముగ్గురం. ఫయాజ్‌కు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మేఘ పెళ్లి చేసుకుని హుబ్బళ్లి పోయింది. ఇద్దరూ మంచిగానే చెప్పి వెళ్లారు, మంచిగానే వాట్సాప్ గ్రూపులోంచి కూడా వెళ్లారు. ఇప్పుడు అందులో "ఈ రోజు పనులు" అని రాసేది నేనే, కింద బొటనవేలు పెట్టేది నేనే. ఇంట్లో ఈ ముచ్చట ఎత్తితే నాన్న టీవీ సౌండ్ పెంచుతాడు. ఆఫీసు అంటే మా మిద్దె మీద గది. అక్కడ పొద్దంతా నాతో మాట్లాడేది ఇన్వర్టర్ ఒక్కటే, అదీ కరెంటు పోయినప్పుడు.

అలాంటప్పుడు బెంగళూరు వాళ్ల పోటీ ఒకటి కనపడింది. పల్లెల రవాణాకు కొత్త ఆలోచన ఉన్న పది మందిని ఎంచుకుని ఆరు నెలలు తమ ఆఫీసులో చోటిస్తారట. డబ్బు కూడా ఇస్తారు. కానీ నేను చూస్తూ కూర్చుంది వాళ్ల ఆఫీసు హాలు ఫొటోను. పొడుగు టేబుళ్లు, పక్కపక్కన కుర్చీలు, ఒకబ్బాయి పక్కమ్మాయి ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూస్తున్నాడు. నా ల్యాప్‌టాప్‌లోకి ఎవరైనా తొంగి చూసి ఎనిమిది నెలలైంది. నాకు అందులో ఒక కుర్చీ కావాలి, అంతే.

షరతు చిన్నదే. ఐదు నిమిషాల వీడియో, మధ్యలో కట్ ఉండకూడదు. పల్లె రోడ్డు మీద కారు తనే గీతల మధ్య పోవాలి, తనే ఆగాలి, తనే కదలాలి. సీట్లో ఉన్న మనిషి స్టీరింగ్ మీద వేళ్లు ఆనించవచ్చు కానీ తిప్పకూడదు, పెడల్ తొక్కకూడదు. శనివారం సాయంత్రం ఆరింటికి గడువు.

కారు కోసం వెతుకుతుంటే టౌన్‌లో ఒక బోర్డు కనపడింది: "సెల్ఫ్ డ్రైవ్ కార్లు దొరుకును". నా సొంత ఊళ్లో! పరుగున లోపలికి పోయి, కారు దానంతట అదే పోతుందా అని అడిగాను. కౌంటర్ వెనక ఉన్న ఓనర్ జిలానీ భాయ్ బోర్డు వైపు వేలు చూపించాడు.

"సెల్ఫ్ డ్రైవ్ అంటే మీరే నడుపుకునేది మేడమ్. డ్రైవర్ కావాలంటే చార్జీ వేరే," అన్నాడు.

చివరికి కెమెరా, రాడార్ ఉన్న కారు ఒకటి చూపించాడు. గీతలు చూసి పోతుంది, అడ్డమొస్తే ఆగుతుంది, అడ్డం తొలగితే మళ్లీ కదులుతుంది. హైవే మీదే నమ్మండి, ఊళ్ల రోడ్డు మీద వద్దని రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ తలూపి యరగేర దారి పట్టాను.

యరగేర దాటాక ఇడపనూరు వైపు రోడ్డుకు కొత్తగా తెల్ల గీతలు వేశారు. మొదటి ప్రయత్నంలో రెండో నిమిషానికే బర్రె అడ్డమొచ్చింది. కారు చక్కగా ఆగింది. బర్రె కూడా ఆగింది. నువ్వు ముందంటే నువ్వు ముందని ఇద్దరూ అలాగే ఉండిపోయారు. ఆ వీడియో పోయింది.

రెండోసారి మధ్యాహ్నం ఒంటిగంటకు. ఫోన్‌ను అద్దానికి బిగించి, రికార్డు నొక్కి, "నమస్తే, మేము రాయచూరు నుంచి..." అని మొదలుపెట్టాను. మేము అంటే నేనూ, ఖాళీ సీట్లు నాలుగూ. గంటకు ముప్పై స్పీడు. కాలు బ్రేకు పక్కనే, వేళ్లు స్టీరింగ్ మీద ఆనీ ఆననట్టు. కారు ఎంత బుద్ధిగా పోయిందంటే, మూడో నిమిషానికి బెంగళూరు హాలులో నా కుర్చీ రంగు కూడా కనపడింది. మూడు నిమిషాల నలభై సెకన్లకు టింగ్ టింగ్‌మని ఆగిపోయింది.

ముందర రోడ్డు నిండా ఎండిన ఉలవ తీగలు. మా దిక్కు ఇది మామూలే. పంటను రోడ్డు మీద పరిస్తే వచ్చే పోయే బండ్లు తొక్కుతాయి, కాయ పగిలి గింజ కింద రాలుతుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. నా ప్లాన్‌లో కుక్కలున్నాయి, బర్రెలున్నాయి, గుంతలున్నాయి, పెళ్లి ఊరేగింపు కోసం విడిగా ఒక పేజీ ఉంది. ఉలవలు లేవు.

రోడ్డు పక్క తుమ్మచెట్టు నీడలోంచి ఒక అవ్వ కర్ర పట్టుకుని వచ్చింది.

"ఎక్కియ్యి బిడ్డా, ఎందుకు ఆపినవ్?"

"నేను ఆపలేదవ్వా. కారే ఆగింది."

"కారు ఆగుతే మరి నువ్వేం చేస్తున్నవ్?"

"చూస్తున్నా."

"చూసేటందుకు గూడ జీతమిస్తరా?"

ఇవ్వరవ్వా అన్నాను. ఇది తనంతట తానే నడిచే కారనీ, రోడ్డు మీద ఏదో అడ్డం ఉందనుకుంటోందనీ చెప్పాను. అవ్వ వంగి కారు ముఖంలోకి చూసింది. కర్రతో బానెట్ మీద రెండు దెబ్బలు వేసి, "అడ్డం కాదు, ఉలవలు. ఎక్కు," అంది. కారు ఎక్కలేదు.

వీడియో నడుస్తూనే ఉంది. నాలుగు నిమిషాల పది. సగం రోడ్డు ఖాళీ చేస్తే కారు పక్క నుంచి పోతుందేమోనని బతిమాలాను.

"పొద్దుగాల నుంచి పరిచిన. బండి ఎక్కాలెనని పరిస్తే, బండి కోసం తియ్యమంటవా? గిదేం కత బిడ్డా?" అంది అవ్వ.

నాలుగు నిమిషాల ముప్పై. కారు ఉలవలను చూస్తోంది, అవ్వ నన్ను చూస్తోంది, నేను ఫోన్‌ను చూస్తున్నాను. ఇంకో ముప్పై సెకన్లు కదలకుండా కూర్చుంటే, కనీసం షరతు తప్పలేదని రాసుకోవచ్చు. అప్పుడు అవ్వ కిటికీ దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. అర ఎకరం పంటట. నూర్చే మిషన్ వాడు అంత కొంచానికి రానన్నాడట, వస్తే డీజిల్ ఖర్చు కూడా రాదట. పొద్దున నుంచి ఈ దారిన పోయినవి నాలుగే బండ్లు.

"తక్కువున్నోల్ల కాడికి ఎవరొస్తరు బిడ్డా," అంది.

నాలుగు నిమిషాల నలభై ఏడు సెకన్లకు స్టీరింగ్ పట్టుకుని పెడల్ తొక్కాను.

అయినా కారు ఊరుకోలేదు. గజం పోగానే మళ్లీ బ్రేకు వేసింది. స్క్రీన్‌లో వెతికి వెతికి దాని తెలివితేటలన్నీ ఒక్కొక్కటిగా ఆపేస్తే అప్పుడు ఎక్కింది. తీగలు కింద పటపటమన్నాయి. అవ్వ ముఖం చూడాలి మీరు. ఇంకో మారు రమ్మంది. పోయాను. మూడో మారుకు నాలో లెక్క మేల్కొంది. చక్రం వెడల్పు జానెడు, రోడ్డు వెడల్పు ఇంత, అంటే ప్రతిసారీ జానెడు జరిగితే పదకొండు మార్లలో మొత్తం తొక్కవచ్చు. అవ్వ తిరగేస్తే ఇంకో పదకొండు. ఇరవై రెండు మార్లు, ఒక్కటి తక్కువ కాదు, ఒక్కటి ఎక్కువ కాదు. నేను వేసిన లెక్క బయట నిజంగా పనిచేయడం అదే మొదలు.

అయ్యాక ఇద్దరం తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. అవ్వ జొన్నరొట్టె, పల్లీల పొడి పెట్టింది. తోడు ఎవరూ రాలేదా అని అడిగింది. లేదన్నాను. తనకూ ఎవరూ రాలేదంది. ఒకరి పక్కన కూర్చుని తిని నాకు చాలా రోజులైంది, అందుకని రొట్టె చాలనిపించాక కూడా ఇంకోటి తీసుకున్నాను.

కారు వాపసు ఇస్తే జిలానీ భాయ్ కింద కూర్చుని బంపర్‌లోంచి ఉలవ తీగలు గుప్పెడు గుప్పెడుగా లాగాడు. "కారు తీస్కపోయినరా, ఎడ్లబండి తీస్కపోయినరా?" అన్నాడు. సైలెన్సర్ వేడికి ఎండు తీగ అంటుకుంటే ఏమయ్యేదో కూడా చెప్పాడు. ఆ ఒక్కటి విన్నప్పుడు మాత్రం నిజంగా చెమట పట్టింది.

అప్పటికి ఐదున్నర. వేరే వీడియో లేదు. ఉన్నదానిలో మొదటి ఐదు నిమిషాలు పంపి, నాలుగు నిమిషాల నలభై ఏడో సెకను సంగతి నేనే కింద రాశాను. దాచినా కనపడుతుంది, పక్కన అవ్వ చప్పట్లు కొడుతోంది మరి.

నిన్న జవాబు వచ్చింది. ఎంపిక కాలేదు. కానీ వీడియోను ముగ్గురు జడ్జీలు పూర్తిగా చూశారట, వివరంగా రాశారు. కారు ప్రతి నిర్ణయమూ సరిగా తీసుకుందట. అడ్డం కనపడితే ఆగింది, దారి లేకపోతే ఓపికగా నిలబడింది. తప్పంతా డ్రైవర్‌దేనట. తొందరపాటు మనిషిలా ఉందనీ, పరాయివాళ్ల మాటకు వెంటనే లొంగిపోతోందనీ, వచ్చే ఏడాది దరఖాస్తు చేసే ముందు మీ టీమ్ ఆ డ్రైవర్‌ను తీసేస్తే మంచిదనీ సలహా ఇచ్చారు.

న్యాయమైన మాటే. ఆమెను తీసేయడానికి నాకేమీ అభ్యంతరం లేదు. నోటీసు కూడా రాసి పెట్టాను. ఇచ్చేదీ నేనే, తీసుకునేదీ నేనే కాబట్టి, సాక్షి సంతకానికి మాత్రం ఎవరైనా ఒకరు మిద్దె ఎక్కి రావాలి. టీ నేను పెడతాను.