తుడిచిన విమానం

వర్క్‌షాపులో అతన్ని అందరూ తుప్పు మేస్త్రి అనేవారు. చాటుగా కాదు, మొహమ్మీదే. అతనూ విసుక్కోకుండా పలికేవాడు. ముక్కలు అతికి రంగు కొట్టిన బుల్లి విమానాలు అతని బల్ల మీదికి వచ్చేసరికి అప్పుడే కొన్న గిన్నెల్లా తళతళలాడుతూ ఉండేవి. వాటిని ఎండకి ఎండి, వానకి తడిసి, నూనె కారి, మసి పట్టిన అసలు విమానాల్లా మార్చడం అతని పని. అక్కడ దాన్ని ‘వయసు పెట్టడం’ అనేవారు.

“మేస్త్రిగారూ, మా ఆయనకి కూడా కాస్త వయసు పెట్టండి. పిల్లలు ఎదిగొచ్చినా అద్దం ముందు నుంచి కదలడం లేదు,” అని ముక్కలు అతికే బల్ల దగ్గర్నుంచి ఒకావిడ వేళాకోళం చేసేది.

“తీసుకురామ్మా, ఉప్పు చల్లి రుద్దితే సరి,” అనేవాడు తలెత్తకుండా.

ఉప్పు సంగతి ఉత్త వేళాకోళం కాదు. తడి చేసిన రెక్క మీద వంటింటి ఉప్పు రవ్వలు చల్లి, పైన రంగు కొట్టి, ఆరాక పాత పళ్ళబ్రష్షుతో రుద్దితే ఉప్పున్న చోటల్లా రంగు లేచిపోయి అడుగున వేసిన వెండిరంగు బయటపడుతుంది. చూస్తే పెచ్చులూడిన రేకే. కీళ్ళ సందుల్లో పలచటి నల్లరంగు, పొగగొట్టం వెనక బొగ్గుపొడి, పొట్ట కింద కారిన నూనె చారలు. మురికి ఎంత నమ్మకంగా ఉంటే పనితనం అంత గొప్ప. ఆ పనిలో తనకి సాటి లేరని అతనికి తెలుసు. పైకి అనేవాడు కాదు గానీ, ఒక్కోసారి పూర్తయిన విమానాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పుకుంటూ టీ చల్లారిపోయేదాకా కూర్చునేవాడు.

అతని అన్నయ్య అసలు విమానాల మెకానిక్కు. పొలాల మీద పురుగుమందు చల్లే పసుపుపచ్చ విమానం ఒకటి చాలా ఏళ్ళు ఆయన చేతి కిందే ఉండేది. ఒకరోజు అది గాల్లో ఉండగానే ఇంజను పట్టేసి పొలంలో కూలింది. నడిపే కుర్రవాడు అక్కడికక్కడే పోయాడు. నూనె వడకట్టే ఫిల్టరు మురికితో పూడుకుపోయిందనీ, మెకానిక్కు నిర్లక్ష్యమే కారణమనీ విచారణలో తేల్చారు. అన్నయ్య ఉద్యోగం పోయింది. ఆ తర్వాత నీళ్ళ మోటార్లు బాగుచేసుకుంటూ బతికాడు.

ఆ సంగతి తమ్ముడు ఎప్పుడూ కదపలేదు. కదిపితే అన్నయ్య బాధపడతాడని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. కలిసినప్పుడల్లా ఇద్దరూ ఎండల గురించీ, కీళ్ళనొప్పుల గురించీ మాట్లాడుకుని లేచేవారు. తను అడగకపోవడాన్ని అన్నయ్య ఎలా అర్థం చేసుకుంటున్నాడో అతనికి తట్టలేదు.

అన్నయ్యకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇక ఆసుపత్రిలో ఉంచి లాభం లేదని ఇంటికి పంపేశారు. ఒకరోజు వదిన ఫోను చేసింది.

“మీ అన్నయ్య ఒకటి అడగమంటున్నారు. ఆ పసుపుపచ్చ విమానం ఉండేది చూడు, దాన్ని బొమ్మగా చేసిపెడతావేమో కనుక్కోమన్నారు. ఒక్కసారి చూసుకోవాలని ఉందట.”

ఊహ తెలిసినప్పటినుంచీ అన్నయ్య అతన్ని ఏమీ అడిగి ఎరగడు. మేస్త్రికి ఛాతీ పొంగిపోయింది. యజమానిని బతిమాలి ఆ రకం బొమ్మ ఒకటి సంపాదించాడు. మధ్యాహ్నం భోజనానికి లేవకుండా కూర్చుని తనకి తెలిసిన విద్యంతా దాని మీద పెట్టాడు. మందు చల్లే గొట్టాల వెనక తెల్లటి మరకలు పెట్టాడు. ఇంజను మూత అంచుల్లో జిడ్డు, కింద నల్లటి నూనె ధారలు దింపాడు. ముక్కలు అతికే ఆవిడ వచ్చి వాసన చూసినట్టు వంగి, “అమ్మో, ముట్టుకుంటే చేతికి అంటుకునేట్టుంది,” అంది. అంతకన్నా మంచి మెప్పు ఆ వర్క్‌షాపులో లేదు. చివరగా మరకలు చెదరకుండా పైన మెరుపులేని వార్నిష్ కొట్టి, దూదిలో చుట్టి పట్టుకెళ్ళాడు.

అన్నయ్య గోడకి దిండు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. విమానం చేతికివ్వగానే మొహం వికసించింది. పైన చూశాడు. తిప్పి కింద చూశాడు. పొగగొట్టం దగ్గర వేలు ఆగింది.

“బాగుంది,” అన్నాడు. అని వదిన వైపు తిరిగి, “గుడ్డముక్క ఒకటి ఇలా ఇవ్వవే,” అన్నాడు.

తుడవడం మొదలుపెట్టాడు. ముందు రెక్కలు, తర్వాత పొట్ట. మధ్యమధ్య దగ్గు వస్తే ఆగుతున్నాడు. మళ్ళీ తుడుస్తున్నాడు.

“పోవట్లేదేంట్రా ఇది?”

“అది పోదన్నయ్యా. పైన వార్నిష్ వేశాను.”

“ఓహో. మురికి పూసి, పోకుండా సీలు కూడా వేశావన్నమాట. విచారణవాళ్ళకి ఈ ఉపాయం తట్టలేదు పాపం.”

వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది.

“నేను పొద్దున్నే వెళ్ళి తుడిచేవాణ్ణిరా దాన్ని. టీ కూడా తాగకుండా. నీకు తెలుసనుకున్నాను. ఇన్నాళ్ళూ నువ్వు అడగకపోతే, నమ్మకం ఉండి అడగట్లేదేమో అనుకుంటూ వచ్చాను.” అన్నయ్య ఊపిరి కూడదీసుకున్నాడు. “నువ్వేమనుకున్నావో నీ చెయ్యి చెప్పేసిందిలే.”

“అది కాదన్నయ్యా. మా దగ్గర ఏ విమానానికైనా అలాగే...”

“అన్నిటికీ అలాగే చేస్తావ్. సరే. ఇది కూడా అన్నిట్లో ఒకటేనా?”

నిజంగానే చెయ్యి అలవాటు కొద్దీ చేసుకుపోయింది. ఈ విమానం ఎలా ఉండేదని దాన్ని సాకిన మనిషిని ఒక్క మాట అడగాలని తోచలేదు. బొమ్మని అలమర మీద పెట్టి అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు మేస్త్రి పనిలోకి వెళ్ళలేదు. రంగుడబ్బాలూ కుంచెలూ సంచిలో వేసుకుని, వర్క్‌షాపులో అడిగి తెచ్చుకున్న ఇంకో పసుపుపచ్చ విమానంతో అన్నయ్య మంచం దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“దీని మీద ఇంకా చెయ్యి పెట్టలేదు. నువ్వు చెప్పు, నేను వేస్తాను.”

అన్నయ్య గోడవైపు నుంచి తిరగలేదు. అతను కుంచె పట్టుకుని అలాగే కూర్చున్నాడు. వదిన జావ తెచ్చి తాగించి వెళ్ళింది. ఆఖరికి అన్నయ్యే గోడవైపు నుంచి అన్నాడు: “ఏం వేస్తావ్?”

“మురికి ఎక్కడుంటుందో నాకు తెలుసు. శుభ్రం ఎక్కడుంటుందో తెలీదు.”

అన్నయ్య నవ్వబోయి దగ్గాడు. మెల్లగా ఇటు తిరిగాడు. “శుభ్రం ఎక్కడా ఉండదురా పిచ్చోడా. తుడిచిన చోటు ఉంటుంది, అంతే. ఇంజను మూత మీద రంగు పలచబడిపోయి ఉండేది, నేను రుద్దీ రుద్దీ. ఎడంపక్క ఎక్కువ. నాది ఎడంచెయ్యి కదా.”

మేస్త్రి ఎడంవైపు నుంచి వేయడం మొదలుపెట్టాడు. వేళ్ళు ఆనే చోట అంచులు అరగదీశాడు. స్క్రూల చుట్టూ పసుపురంగు లేతబరిచాడు. వేసినప్పుడల్లా విమానం ఎత్తి చూపించేవాడు. “ఇంకాస్త,” అనేవాడు అన్నయ్య. లేకపోతే, “అబ్బే, అంత కాదు, నేనేమన్నా గిన్నెలు తోమానా?” అనేవాడు. ఊపిరి అందినంతసేపు చెప్పడం, అందనప్పుడు కళ్ళు మూసుకోవడం. అలా కొన్ని రోజులు జరిగింది. వదిన వంటింట్లోంచి తొంగి చూసి, “ఇద్దరూ ఒక బొమ్మ కోసం ఇంత చర్చా?” అని విసుగు నటించి వెళ్ళిపోయేది.

“చక్రాన్ని మోసే కమ్మీ వెనక నా చెయ్యి పట్టేది కాదు,” అన్నాడు ఒకసారి. “అక్కడ మసి ఉండేది. పెట్టు.”

“వద్దులే అన్నయ్యా.”

“ఉన్నదాన్ని పెట్టమంటున్నాను. లేనిది పెట్టినప్పుడు నన్ను అడిగావా?”

పెట్టాడు. కుంచె కడుగుతూ, అన్నయ్య మొహం చూడకుండా, ఏళ్ళుగా అడగనిది అడిగాడు. “మరి ఫిల్టరు?”

ఆ ప్రశ్న కోసం అన్నయ్య ఎంతకాలంగా ఎదురుచూశాడో, తీరా వచ్చాక దానికి తగ్గ ఊపిరి లేదు. ఒక్కో మాటే వచ్చింది. “మార్చాలని చెప్పాను. ‘ఇవాళ ఎగరాలి, రేపు మార్చుదువుగానిలే’ అన్నాడు సూపర్‌వైజరు. సరే అన్నాను. పైన అంతా తుడిచి అద్దంలా పెట్టి, తాళంచెవి ఆ కుర్రాడి చేతికి నేనే ఇచ్చాను. నిర్లక్ష్యం అన్నారు చూడు, అది మాత్రం అబద్ధం. ఆ ‘సరే’ నాది. దానికి పేరేం పెట్టాలో వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు.”

“విచారణలో ఎందుకు చెప్పలేదు?”

“చెప్పాను. వింటేగా. అయినా నిన్ననాలి. నువ్వు ఎప్పుడు అడిగావు గనక?”

అందులో కోపం లేదు. అదే మేస్త్రికి భరించడం కష్టమైంది.

కుడివైపు ఇంకా మొదలుపెట్టకముందే అన్నయ్య పోయాడు. పొద్దున జావ పట్టుకెళ్ళిన వదిన గ్లాసుతో అలాగే వెనక్కి వచ్చింది.

పలకరింపులకి వచ్చినవాళ్ళలో ఆ సూపర్‌వైజరు కూడా ఉన్నాడు. ఇప్పుడు బాగా ముసలివాడు, చేతికర్ర వచ్చింది. కుర్చీలో కూర్చుని, “మంచి పనివాడమ్మా, ఖర్మ అలా రాసిపెట్టి ఉంది,” అన్నాడు. నీళ్ళు తాగాడు. అలమర మీద విమానం కనిపిస్తే లేచి వెళ్ళి చేతిలోకి తీసుకున్నాడు. నూనె చారలు, మసి, జిడ్డు.

“అరె, ఎవరు చేశారిది? అచ్చం ఇలాగే ఉండేది సుమా!”

ఎవరైనా మెచ్చుకుంటే మేస్త్రి సిగ్గుపడి తల దించుకునే మనిషి. ఆ రోజు తల దించలేదు. మంచం పక్కనున్న రెండోదాన్ని తెచ్చి ముసలాయన ముందు పెట్టాడు. ఒకవైపు అరిగిన పసుపురంగు, రెండోవైపు ఉత్త ప్లాస్టిక్ మెరుపు.

“అలా ఉండేది కాదండీ. ఇలా ఉండేది. మా అన్నయ్య రోజూ తుడిచేవాడు.”

“అబ్బాయీ, ఇప్పుడవన్నీ ఎందుకు...”

“ఫిల్టరు రేపు మార్చుదువుగానిలే అన్నది మీరేనా?”

“అప్పట్లో అక్కడ చాలామంది ఉండేవాళ్ళం. ఎవరేమన్నారో ఎవరికి గుర్తుంటుంది?” అంటూ సూపర్‌వైజరు కర్ర కోసం వెతుక్కున్నాడు. చేతిలో ఉన్న విమానాన్ని తిరిగి అలమర మీద పెట్టబోయాడు.

వదిన అడ్డం వచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ బయటివాళ్ళ ముందు గొంతు పెంచి ఎరగదు. అప్పుడూ పెంచలేదు.

“అక్కడ పెట్టకండి. మీ దగ్గరే ఉంచుకోండి. మీకు బాగా గుర్తున్న విమానం కదా.”

ఆయన తీసుకోక తప్పలేదు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో విమానం పట్టుకుని మెట్లు దిగాడు. గుమ్మంలోంచి మేస్త్రి చూస్తూనే ఉన్నాడు. వీధిలో ఎవరో ఎదురై, ఏమిటండీ చేతిలో అది అని అడిగారు. ముసలాయన దాన్ని చొక్కా చాటుకి తీసుకుని, ఏదో చెప్పి, వాళ్ళని దాటుకుని ముందుకి నడిచాడు.