సర్టిఫికెట్ వయసు

అమీర్‌పేటలో నాదొక చిన్న కోచింగ్ సెంటర్. పొద్దున సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేవాణ్ణి, మధ్యాహ్నం రెజ్యూమేలు రాసేవాణ్ణి. రాయడమంటే ఏముంది, నిన్నగాక మొన్న కాలేజీ దాటినవాడికి మూడేళ్ల అనుభవం అంటగట్టడం. సిగ్గుపడేవాణ్ణా అంటే, అబద్ధమెందుకు, లేదు. మా ఇంటి ఆచారమే అది. కాకపోతే మా బాపు దగ్గర లెక్క తలకిందులు. బడిలో చేర్చినప్పుడు పంతులు ఆయన వయసులో ఐదేళ్లు కోసి రాశాడు. ఆ పంతులు పుణ్యమా అని బాపు ఎర్రమంజిల్ సర్కారు ఆఫీసులో ఐదేళ్లు ఎక్కువే కుర్చీలో కూర్చుని, అరవై మూడో ఏట యాభై ఎనిమిదని చెప్పి దండ వేయించుకుని రిటైరయ్యాడు.

ఆ బాపుకి ఊపిరితిత్తుల్లో కేన్సర్ అన్నారు. అప్పుడప్పుడే వస్తున్న కొత్త మందేదో ఉందని, పంజాగుట్టలో ఒక డాక్టరు దగ్గరికి అమ్మా నేనూ తీసుకెళ్లాం. ఆటోలోనే బాపు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అరవై అయిదనే చెప్పాలె. డెబ్బై అంటే, ముసలోనికి దండుగని మందియ్యడు. ఇజ్జత్ తియ్యకురా."

డాక్టరు కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. "ఈ మందు నేరుగా కేన్సర్ని చంపదండీ. మీ ఒంట్లో కాపలా ఉండే కణాల్ని తట్టి లేపి, వాటితో కొట్టిస్తుంది. వయసు పైబడేకొద్దీ కొత్త కాపలా తయారవడం తగ్గిపోతుంది, ఉన్నది అలిసిపోతుంది. ఒక్కోసారి లేచింది సొంత ఒంటి మీదే పడుతుంది. ఇంతకీ మీ వయసెంతండీ?"

"అరవై అయిదు సార్."

"అసలు వయసా, సర్టిఫికెట్ వయసా?"

"రెండూ ఒక్కటే సార్!" బాపు మొహంలో ఒక్క గీత కదలలేదు. ముప్పై ఏళ్లకు పైగా సర్కారుకి చెప్పిన అబద్ధం కదా, నోట్లో బాగా నానింది. నేను గోడమీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. నేనేం మాట్లాడతాను, నా మొహం!

అమ్మ కొంగు సర్దుకుంది. "అయ్యా, లగ్గమప్పుడు ఈయనకు ఇరవై మూడు. మల్ల ఏడాదికే పెద్దబిడ్డ పుట్టింది. దానికిప్పుడు నలభై ఆరు."

డాక్టరు వేళ్లు మడిచి లెక్కపెట్టి నవ్వాడు. బాపు అమ్మవైపు కొరకొరా చూశాడు. "నీకు లెక్కలెవరు నేర్పిండ్రే?"

"డెబ్బై అని మందు మానేయనండీ. డెబ్బైలో ఉన్నవాళ్లకి పనిచేయడం కూడా చూశాను. కాకపోతే ఇంకాస్త కనిపెట్టి ఉండాలి. అందుకే నిజం కావాలి," అన్నాడు డాక్టరు. బాపు అప్పుడు పెద్దగా ఊపిరి వదిలాడు.

మందు మొదలైంది. నాలుగు సార్లు ఎక్కించాక స్కానింగ్ తీశారు. గడ్డ పెరగలేదు, తగ్గనూ లేదు. కాపలా లేచినట్టే ఉంది గానీ నెమ్మదిగా కదులుతోంది, చూద్దాం అన్నాడు డాక్టరు. బాపు ఇంటికి పోనంటే మా సెంటర్‌కే తీసుకొచ్చి, చాయ్ తెప్పించి, నా పక్కన కూర్చోబెట్టుకుని రెజ్యూమేల పనిలో పడ్డాను.

కాసేపు స్క్రీన్ చూసి, "మూడేళ్ల అనుభవం" అన్నచోట వేలు పెట్టాడు.

"అందరికి ఏండ్లు కలిపి రాస్తవు గద బిడ్డా. నాకు సుత జర రెండేండ్లు కలపరాదు?"

నవ్వుతూనే అన్నాడు. ఎవడొచ్చి అడిగినా కాదనకుండా ఏళ్లు రాసిచ్చినవాణ్ణి, మా బాపుకి మాత్రం సరే అనలేక, కాదనలేక, ఆ కీబోర్డు ముందే ఏడ్చేశాను.