చెత్త గొట్టంలో పడేసిన పండగ

పెళ్లయ్యాక నా మొదటి క్రిస్మస్ సెలవులు షార్జా అల్ నహ్దాలో, అత్తగారింట్లో గడిచాయి. అల్లుణ్ణని నన్ను మంచినీళ్లు కూడా ముంచుకోనివ్వలేదు. ఏదో ఒక పని చేసి మెప్పు పొందాలనిపించింది. పండగ ముందురోజు గుమ్మం పక్కనున్న నల్లసంచిని చెత్త అనుకుని, కారిడార్ చివర గోడలో ఉండే చెత్త గొట్టంలో పడేశాను.

గంట తర్వాత అత్తయ్య ఆ సంచి కోసం వెతకసాగారు. లేబర్ క్యాంపులో పంచడానికి ఆవిడ వారం రోజులు కూర్చుని వండిన గులాబీ పువ్వులు, కజ్జికాయలు అందులో ఉన్నాయట. పొద్దున కారిడార్ తుడిచింది కడప నుంచి వచ్చిన మస్తాన్, ఆ బిల్డింగుకి నాతూర్, అంటే వాచ్‌మన్. మామయ్య అతన్ని పిలిపించి నిలదీశారు.

"అల్లా తోడు సార్, నేను దాన్ని ముట్టనేలేదు" అన్నాడతను. నేను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం మస్తానే కింద చెత్తడబ్బాలన్నీ గాలించి సంచి తెచ్చాడు. లోపలంతా పొడి పొడి.

"ఎవురో గొట్టంలో ఏసినారమ్మా" అన్నాడు.

అత్తయ్య నావైపు ఒక్కసారి చూసి, అల్లుణ్ణి అడగలేక వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఇప్పటికీ నేను వెళితే మస్తాన్ లేచి సలాం చేస్తాడు. అతనికి చెప్పే ధైర్యం లేక, ముక్కూ మొహం తెలియని మీకు చెప్పుకుంటున్నాను.